మున్సిపల్ నీళ్ల రిపోర్టు బాగానే ఉంది, మా వీధిలో మాత్రం విరేచనాలు: ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరు దగ్గర చిన్న మున్సిపాలిటీ. రోజుకి ఒక పూట, గంటసేపు కుళాయి వస్తుంది. కొన్ని రోజులు బ్లీచింగ్ వాసన ముక్కు పగిలేలా ఉంటుంది, కొన్ని రోజులు అసలే ఉండదు. మొదటి రెండు బిందెలు పచ్చగా వస్తాయి. మీ వరసలో నాలుగైదు ఇళ్లలో విరేచనాలు మొదలయ్యాయి. ఆఫీసుకి వెళ్తే తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీళ్లు సురక్షితం అని రిపోర్టు చూపించి పంపేశారు. ఆ కాగితాన్ని నమ్మాలా, టిన్ను నీళ్లు కొనుక్కోవాలా, ఎవరిని ఏం అడగాలి అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. ఆ రిపోర్టు అబద్ధం అయి ఉండనక్కర్లేదు. కానీ అది మీ కుళాయి సంగతి చెప్పడం లేదు. నమూనా ఎక్కడ పట్టారో చూడండి. చాలాసార్లు అది ఫిల్టర్ హౌస్ దగ్గరో, ఓవర్‌హెడ్ ట్యాంకు కిందో పట్టిన నీళ్లే అయి ఉంటుంది. మీరు అడగాల్సింది లైను చివరి ఇంటి కుళాయిలో, సరఫరా జరుగుతున్న టైములో, రెసిడ్యువల్ క్లోరిన్, అంటే దారిలో ఖర్చవగా నీళ్లలో ఇంకా మిగిలిన క్లోరిన్, ఎంత ఉందని. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మీ వీధిలో ఉన్నట్టు రోగాలు తిరుగుతున్నప్పుడు 0.5 ఉండేలా చూడాలి. అక్కడ సున్నా వస్తే, ట్యాంకు దగ్గర ఎంత మంచి రిపోర్టు వచ్చినా మీ వీధికి ఆ నీళ్లు సురక్షితం కావు.

అది తేలేదాకా తాగే నీళ్లు, పసిపిల్లల పాలలో కలిపే నీళ్లు, పచ్చిగా తినే కూరగాయలు కడిగే నీళ్లు కాచి వాడండి. తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు, సగానికి ఇగరబెట్టక్కర్లేదు. నాలుగైదు ఇళ్లలో విరేచనాలంటే ఏఎన్ఎంకి, వార్డు సచివాలయానికి ఈ రోజే చెప్పండి. రిపోర్టు సంగతి రేపు చూసుకోవచ్చు.

నేను మున్సిపల్ వాటర్ వర్క్స్‌లో, ఎక్కువ భాగం కృష్ణా డెల్టా పట్టణాల్లో, నీటి శుద్ధి, పరీక్షల పని చూసినవాణ్ణి. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నీళ్లు ఎక్కడ పాడవుతాయి

మన వైపు చిన్న పట్టణాలకి నీళ్లు చాలావరకు కృష్ణా కాలవల నుంచే. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుని, మళ్లీ కాలవ వదిలేదాకా వాటితోనే లాగాలి. చెరువులోంచి తోడిన నీళ్లకి పటిక వేసి, మడ్డి తేర్చి, ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా వదిలి, క్లోరిన్ కలిపి ట్యాంకుకి ఎక్కిస్తారు. ఈ పని పద్ధతిగా జరిగితే ట్యాంకు దిగేటప్పుడు నీళ్లు బాగానే ఉంటాయి. ఉండటం నేను చూశాను కూడా.

గొడవంతా ఆ తర్వాతే. 24 గంటలూ నీళ్లు ఉండే లైనులో లోపలి ఒత్తిడి ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. చిన్న చిల్లు పడినా నీళ్లు బయటికి కారతాయి తప్ప మురుగు లోపలికి రాదు. మనకి రోజుకి గంటే సరఫరా. మిగతా 23 గంటలు పైపు ఖాళీగానో, సగం ఖాళీగానో ఉంటుంది. వాల్వు కట్టేయగానే పల్లం వైపు ఇళ్లు నీళ్లు లాగేసుకుంటాయి, మిట్ట వైపు పైపులో వాక్యూమ్ పుడుతుంది. ఆ చిల్లు పక్కనే మురుగు కాలవ ఉంటే మురుగుని పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ పీల్చుకున్నదే ముందు మీ బిందెలోకి వస్తుంది. మీరు చెప్పిన రెండు పచ్చ బిందెలు నాకు అందుకే అనుమానంగా ఉన్నాయి. ఒట్టి తుప్పయితే రాగిరంగులో వచ్చి, గ్లాసు అడుగున పొడిలా దిగుతుంది, వాసన ఉండదు. వాసన ఉండి, మబ్బుగా ఉండి, ఎంతకీ తేరుకోకపోతే మురుగు కలిసిందనే అనుకుని నడుచుకోండి.

ఒక పట్టణంలో అచ్చం మీలాంటి ఫిర్యాదే వచ్చింది. ట్యాంకు దగ్గర క్లోరిన్ పుష్కలంగా ఉంది. వీధి మొదట్లో ఉంది. చివరి ఆరేడు ఇళ్లలో క్లోరిన్ పరీక్షలో చుక్క రంగు రాలేదు, అంటే క్లోరిన్ లేదు. అక్కడ ఇళ్ల కనెక్షన్లన్నీ సైడు కాలవ అడ్డంగా దాటుకుని వస్తున్నాయి. కాలవలో సిల్టు తీయించి చూస్తే ఒక పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, సాకెట్ దగ్గర మరలు తుప్పు తినేసి, అగ్గిపుల్ల దూరేంత సందు. సరఫరా ఉన్నప్పుడు అందులోంచి నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. వాల్వు కట్టేయించి అక్కడే నిలబడ్డాం. కాసేపటికి చిమ్మడం ఆగింది. తర్వాత ఆ సందు దగ్గర నల్లటి మురుగు చిన్న సుడి తిరుగుతూ లోపలికి పోవడం మొదలైంది. ఫిట్టరూ, మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారూ, వీధి ఆడవాళ్లూ అందరూ చూశారు. ఆ ఒక్క పైపు మార్చి, లైను కడిగించి, క్లోరిన్ పెంచాక ఆ వీధిలో కొత్త కేసులు ఆగిపోయాయి.

దీనికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం. చాలామందికి ఇది కోపం తెప్పించే మాటే, అయినా చెప్పాలి. ప్రెషర్ లేదని ఒకరు మోటారు పెడతారు, అది చూసి పక్కింటివాళ్లు పెడతారు. సరఫరా నడుస్తుండగానే లైనులో ఒత్తిడి సున్నా కిందకి పోతుంది. అప్పుడు మురుగు పీల్చుకోవడానికి వాల్వు కట్టేసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మీ వీధిలో మోటార్లు ఉంటే ఫిర్యాదుతో పాటు ఆ విషయం కూడా రాయండి. నీళ్లు సంప్‌లోకి పడనిచ్చి, సంప్ నుంచి మోటారు పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు చర్చంతా తాగునీటి లైన్లలో మురుగు కలవడం చుట్టూనే నడిచింది. అందుకే నాలుగైదు ఇళ్లు అన్న మీ మాట నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

బ్లీచింగ్ వాసన గురించి

వాసన వస్తే నీళ్లు పాడయ్యాయని, రాకపోతే బాగున్నాయని జనం అనుకుంటారు. నిజానికి రోజూ కొద్దిగా వాసన రావడం మంచిదే. నిన్నటిదాకా ఉన్న వాసన ఈ రోజు హఠాత్తుగా పోతే అప్పుడు జాగ్రత్త పడాలి. క్లోరిన్ వేయలేదా, వేసినది దారిలోనే ఖర్చయిపోయిందా అని అడగాలి.

మురుగు, నాచు, మట్టి ఏవి కలిసినా క్లోరిన్ ముందు వాటితోనే ఖర్చవుతుంది. ఆ ఖర్చు పోగా మిగిలిందే రెసిడ్యువల్. ఏప్రిల్, మే నెలల్లో చెరువు నీళ్లు అడుగంటి నాచు పట్టినప్పుడు, కాలవ వదిలిన కొత్తలో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు, మామూలు రోజుల మోతాదే వేస్తే చివరి కుళాయికి ఏమీ మిగలదు. ఇంకో సంగతి. నీళ్లలో అమ్మోనియా ఉంటే, అంటే మురుగు కలిస్తే, క్లోరిన్ దాంతో కలిసి క్లోరమిన్లు అవుతుంది. వాటి ఘాటు మామూలు క్లోరిన్ కంటే ఎక్కువ, క్రిముల్ని చంపే శక్తి మాత్రం తక్కువ. కాబట్టి ముక్కు పగిలే వాసన వచ్చినా క్లోరిన్ చాలినంత ఉందని అర్థం కాదు. ముక్కుతో తేలేది కాదిది, పరీక్ష చేయాల్సిందే.

బ్లీచింగ్ పౌడరు నాణ్యత ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. తాజా సరుకులో మూడో వంతు దాకా పనిచేసే క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన బస్తాని మన ఎండల్లో, తేమ తగిలే పంప్ హౌస్ మూల పడేస్తే వారాల్లోనే శక్తి పడిపోతుంది. చివరికి మిగిలేది సున్నం. లెక్క చూడండి. 5 లక్షల లీటర్ల ట్యాంకుకి లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున 1 కిలో క్లోరిన్ కావాలి. 33 శాతం ఉన్న పౌడరైతే 3 కిలోలు సరిపోతుంది. అదే పౌడరు 15 శాతానికి దిగితే, ఆ 3 కిలోలూ వేసినా అందేది లీటరుకి 0.9 మాత్రమే. రిజిస్టర్లో మాత్రం 3 కిలోలు వేశామని ఉంటుంది, అది నిజమే కూడా. అందుకే ఎన్ని కిలోలు వేశారని అడిగితే లాభం లేదు. చివర్లో ఎంత మిగిలిందని అడగాలి. పైగా క్రిములు చావడానికి కనీసం అరగంట టైము కావాలి. వాల్వు తిప్పే ముందు ట్యాంకులో పౌడరు కలిపేసి వెంటనే వదిలితే మొదటి ఇళ్లకి వాసన మాత్రం బాగా అందుతుంది.

మీరే చేయగల పరీక్ష

క్లోరిన్ పరీక్షకి ఇంజినీరు అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది, దాన్ని పక్కనున్న రంగుల అట్టతో పోలుస్తారు. రంగు వెంటనే చూడాలి. ఆలస్యం చేస్తే క్లోరమిన్లు కూడా రంగిచ్చి, లేని బలం ఉన్నట్టు చూపిస్తాయి. ఓటీ ద్రావణం చేతికి అంటకూడదు, పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి. డీపీడీ మాత్రలతో గులాబీ రంగు వచ్చే కిట్ దొరికితే అదే మేలు, లెక్క కచ్చితంగా ఉంటుంది. వార్డు సచివాలయంలో నీళ్ల సరఫరా లాంటి వసతులు చూసే అమెనిటీస్ సెక్రటరీని కిట్ తెచ్చి మీ ఎదురుగా చేయమనండి. నీళ్లు వచ్చిన మొదట్లో ఒకసారి, పావుగంట తర్వాత ఇంకోసారి, మీ ఇంట్లో, ట్యాంకుకి దగ్గరున్న ఇంట్లో చేయించండి. సంప్‌లోంచి, పైన ప్లాస్టిక్ ట్యాంకులోంచి కాకుండా నేరుగా మున్సిపల్ కుళాయి నుంచే పట్టాలి. నిలవ నీళ్లలో క్లోరిన్ దానంతటదే ఎగిరిపోతుంది, దానికి మున్సిపాలిటీని తప్పుపట్టలేం.

క్రిముల పరీక్ష వేరు. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలై (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటీ కనపడకూడదు, ఇందులో సడలింపు లేదు. ఇంటి దగ్గర ప్రాథమికంగా చూసుకోవడానికి హెచ్2ఎస్ సీసా ఉంది. గీత దాకా నీళ్లు పోసి వెచ్చటి చోట 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే సాధారణంగా నల్లబడుతుంది. నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దు. నల్లబడకపోతే మాత్రం అంతా బాగుందని ధీమా పడకండి, ల్యాబ్‌కి పంపండి. ల్యాబ్‌కి పంపేటప్పుడు మామూలు వాటర్ బాటిల్లో పట్టుకెళ్లొద్దు. ల్యాబ్ వాళ్లే శుద్ధి చేసిన సీసా ఇస్తారు, అందులో క్లోరిన్‌ని ఆపే మందు వేసి ఉంటుంది. దాన్ని కడగకూడదు. కుళాయి మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, వేలు తగలకుండా పట్టి, ఐసు డబ్బాలో పెట్టి 6 గంటల్లోపు చేర్చగలిగితే మంచిది. ఏం చేసినా 24 గంటలు దాటకూడదు. రెండు రోజులు బీరువాలో ఉన్న సీసా ఫలితానికి విలువ లేదు.

టీడీఎస్ మీటరు గురించి ఒక్కమాట. టిన్ను నీళ్లవాళ్లు మీటరు ముంచి 60 చూపించి, చూడండి ఎంత స్వచ్ఛమో అంటారు. ఆ మీటరు కరిగిన ఉప్పుల్ని కొలుస్తుంది, క్రిముల్ని కాదు. 60 టీడీఎస్ ఉన్న నీళ్లలో కలరా క్రిమి హాయిగా ఉండొచ్చు.

కాగితాల మీద ఏం అడగాలి

ఐఎస్ 10500 మన దేశపు తాగునీటి ప్రమాణం, 2012 నాటిది. మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) దాకా ఆమోదం, వేరే గతి లేకపోతే 5 దాకా ఓర్చుకోవచ్చు. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము, గతిలేని చోట 1.5. ఇవన్నీ రిపోర్టులో కనపడతాయి. అయితే సీసా నీళ్ల కంపెనీని నిలదీసినంత గట్టిగా కుళాయి నీళ్ల సరఫరాదారుని ఈ ప్రమాణం పేరుతో నిలదీసే చట్టం మనకి లేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. శుభ్రమైన నీళ్లు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. నీటి సరఫరా మున్సిపాలిటీ బాధ్యతే.

ఆచరణలో పనిచేసేది సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. విరేచనాల కేసులు ఉన్నాయని మొదటి వాక్యంలోనే రాయండి. ‘మా నీళ్లు మంచివేనా’ అని అడిగితే ‘మంచివే’ అని ఒక్క మాటతో సరిపెడతారు. గత మూడు నెలల్లో ప్రతి రెసిడ్యువల్ క్లోరిన్ రీడింగు ఏ తేదీన, ఏ టైముకి, ఏ వీధిలో, ఏ ఇంటి దగ్గర తీశారో నకలు అడగండి. క్రిముల పరీక్షకి ఎన్ని నమూనాలు పంపారో, ఎక్కడివో, ఎన్ని ఫెయిలయ్యాయో, ఫెయిలైనప్పుడు ఏం చేశారో అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 వేల జనాభాకి నెలకి ఒక నమూనా చొప్పున, 50 వేల ఊరికి నెలకి కనీసం 10 కావాలి. ట్యాంకు చివరిసారి కడిగిన తేదీ, మీ వీధి లైను వేసిన సంవత్సరం, లీకుల రిజిస్టర్ కూడా.

నకలు చేతికొచ్చాక ఒకటి చూడండి. మూడు నెలలూ ప్రతిరోజూ 0.5, 0.5, 0.5 అనే ఉంటే అది కొలిచి రాసింది కాదు. నిజంగా కొలిస్తే ఒకరోజు 0.3, ఇంకోరోజు 0.8, ఎక్కడో ఒకచోట సున్నా వచ్చి తీరుతుంది. సున్నా రాసి, పక్కన వాల్వు దగ్గర లీకు, బాగుచేయించాం అని తేదీతో రాసిన రిజిస్టర్ ఉన్న ఊరిని నేను ఎక్కువ నమ్ముతాను. అలా నిజాయితీగా రాసే ఫిట్టర్లు, కెమిస్టులు మన దగ్గర ఉన్నారు. వాళ్లని సున్నా రాసినందుకు తిట్టకుండా ఉంటేనే నిజం బయటికొస్తుంది, ఇది కమిషనర్లకి కూడా చెప్పేవాణ్ణి.

దీంతో పాటు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమంలోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరుగా వెళ్లేకంటే, ఇళ్ల నంబర్లు, జబ్బు మొదలైన తేదీలు రాసి వీధంతా సంతకాలు పెట్టిన కాగితం పట్టుకెళ్లండి. జబ్బుపడ్డ ఇళ్లన్నీ ఒకే లైను మీద, ఒకే వైపు ఉన్నాయని చేత్తో గీసిన చిన్న మ్యాపు జతచేస్తే ఇంజినీర్లకి ఎక్కడ తవ్వాలో అర్థమవుతుంది. ఫిర్యాదుల్లో అంత ఉపయోగపడేది నేను ఇంకోటి చూడలేదు.

టిన్ను నీళ్లు, ఆర్‌ఓ

కృష్ణా నీళ్లు వచ్చే ఊళ్లో ఉప్పు సమస్య సాధారణంగా ఉండదు కాబట్టి ఆర్‌ఓ అవసరం తక్కువే. బోరు నీళ్లు ఉప్పగానో ఫ్లోరైడ్‌తోనో ఉన్న పల్లెల సంగతి వేరు. అక్కడ కాచడం పనిచేయదు, కాచినకొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. మీకు క్రిముల సమస్య, దానికి కాచడం చాలు. ఆర్‌ఓ ప్లాంటులోని కార్బన్ ఫిల్టర్, నీళ్లలో ఉన్న క్లోరిన్‌ని కూడా తీసేస్తుంది. ఆ తర్వాత కడగని టిన్నులో, మూత సరిగ్గా లేకుండా, ఆటోలో ఎండలో తిరిగే నీళ్లకి రక్షణ ఏమీ ఉండదు. కొనాల్సివస్తే టిన్నుల్ని వాళ్లు ఎలా కడుగుతున్నారో ఒకసారి ప్లాంటుకి వెళ్లి చూసి కొనండి.

కాచడానికి గ్యాసు భారమనిపిస్తే ఆరోగ్య కార్యకర్తల దగ్గర క్లోరిన్ మాత్రలు అడగండి. అరగ్రాము మాత్ర 20 లీటర్ల బిందెకి ఒకటి. ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. నీళ్లు మబ్బుగా ఉంటే ముందు పలచటి గుడ్డలో వడగట్టి, మాత్ర వేసి, అరగంట ఆగి తాగాలి. బిందెలో గ్లాసు చేత్తో ముంచకండి, కుళాయి ఉన్న డ్రమ్మో, పొడుగు కాడ గరిటో వాడండి.

సంప్ ఉన్నవాళ్లు దాన్ని మరిచిపోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లని ముంచినప్పుడు సంప్‌లలోకి చేరింది అంతా మురుగే. అలాంటి చోట మున్సిపాలిటీ ఎంత మంచి నీళ్లు పంపినా సంప్‌లో పడగానే పాడవుతాయి. వరద రాకపోయినా, సెప్టిక్ ట్యాంకు పక్కనే సంప్ కట్టుకున్న ఇళ్లు మన వైపు లెక్కలేనన్ని. పూర్తిగా తోడించి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోశాకే నింపండి. పని చేసేవాళ్లని ఒంటరిగా లోపలికి దించకండి, బ్లీచింగ్ ఘాటు మూసుకున్న సంప్‌లో ఊపిరి ఆడనివ్వదు.

పసిపిల్లలకి, పెద్దవాళ్లకి విరేచనాలు మొదలైతే నీళ్ల రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. ఓఆర్‌ఎస్ కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపండి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, గంజినీళ్లలా విరేచనం అవుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ మీ వీధి పేరు చెప్పి, ఇంకెవరెవరికి వచ్చిందో కూడా డాక్టరుకి చెప్పండి. పరీక్ష చేయించాక మొదటి బిందెలో, పావుగంట తర్వాత బిందెలో క్లోరిన్ ఎంతెంత వచ్చిందో ఇక్కడ రాస్తే, లీకు మెయిన్ లైన్లో ఉందా ఇళ్ల కనెక్షన్లలో ఉందా అన్నది కొంతవరకు చెప్పగలను.